దేవుడి మీద ముక్కు పిన్ని సమ్మె

బేకరీలో రొట్టెలు బొగ్గులైన పొద్దున మా పిన్ని కౌంటరు వెనక నిలబడి, ఎదురు సెలూనాయనకి తాజా రొట్టె వాసన గొప్పతనం వివరిస్తోంది.

"పీల్చండి, ఆ ఘుమఘుమ చూశారా! పీల్చినందుకు మేమేమీ తీసుకోం" అంటోంది.

సెలూనాయన మర్యాదస్తుడు. పీల్చాడు, దగ్గాడు. పిన్ని వెనకనుంచి నల్లటి పొగ మెల్లగా బయల్దేరి, ఆమె భుజం మీదుగా ఆయన్ని పలకరించి వీధిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళు తుడుచుకుని, "బాగుందమ్మా. కాస్త ఘాటుగా ఉన్నట్టుంది" అన్నాడు.

"అదే మా ప్రత్యేకత" అంది పిన్ని.

ఇంతలో సెలూన్లో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి ఒకాయన, మిగతా సగం నురగతో అలాగే పరిగెత్తుకొచ్చి, బకెట్టెడు నీళ్ళు గుమ్మరించాడు. బట్టీ మీద కాదు, పక్కన చల్లారుతున్న బన్నుల మీద. ఆ పూట తినడానికి పనికొచ్చేవి అవే.

అలా తెలిసింది వీధికి, ముక్కు పిన్నికి వాసన తెలియడం లేదని.

ఆవిణ్ణి చుట్టాలే కాదు, వీధి వీధంతా ముక్కు పిన్ని అనే అంటారు. చూడ్డానికి అది మామూలు ముక్కే. పనితనమే వేరు. మనింటికి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే, "పాలు పొంగబెట్టారా?" అని అడిగేది. మా బావ ఒకసారి దొంగచాటుగా సిగరెట్టు కాల్చి, లవంగం నమిలి, వీధి చివర నోరు పుక్కిలించుకుని మరీ వచ్చాడు. పిన్ని, "లవంగం దేనికి నమిలావు నాయనా?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. పాపం ఆయన ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

బేకరీ పిన్ని అత్తగారిది. పాతకాలం ఇటుకల బట్టీ, దానికో ఇనప తలుపు. లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి చిన్న కన్నం కూడా లేదు. గోడకి గడియారం ఉండేది కాదు. ఎవరైనా అడిగితే, "గడియారానికి ముక్కుందా?" అనేదట అత్తగారు. కొత్తకోడలిగా వచ్చిన పిన్నిని బట్టీ ముందు ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేది.

"ఇప్పుడేం వాసనే?"

"తడిపిండి అత్తయ్యా."

"ఇప్పుడో?"

"కాస్త పుల్లగా..."

"ఇప్పుడు?"

"తియ్యగా ఉందత్తయ్యా."

"మరిప్పుడు?"

"మాడుతోందత్తయ్యా!"

"ఆ సంగతి నువ్వు చెప్పకపోయినా పక్కింటివాళ్ళొచ్చి చెబుతారు. దానికి ముందుది ఒకటుంది చూడూ, అది పట్టుకో."

ఆ ముందుదాన్ని పట్టుకోవడంలో పిన్ని ఆరితేరింది. కళ్ళు మూసుకుని ఎవరితోనో ఎక్కడో కబుర్లాడుతూ, చటుక్కున మాట ఆపి, లేచి వెళ్ళి తలుపు తీసేది. తీసిందంటే రొట్టె బంగారమే. తలుపు మూసేముందు మాత్రం గొళ్ళెం మీద గుడ్డ వేసి పట్టుకుని, ఒకే ఒక్క వాక్యం ప్రార్థన చేసేది. "దేవుడా, నేను పిసికాను, నువ్వు పొంగించు." పని పంపకం అయిపోయింది కనక ఇక ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

అలాంటి మనిషికి ఒక జలుబు వచ్చింది. వచ్చిన జలుబు ఊరికే పోలేదు. వచ్చిన చుట్టం పోతూ పోతూ మన గొడుగు పట్టుకుపోయినట్టు, వాసన కూడా పట్టుకుపోయింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ పిన్ని ఎవరికీ చెప్పలేదు. అలవాటు కొద్దీ అందరితో ఘుమఘుమ అంటూనే ఉంది. ఆఖరికి ఆ సంగతి పొగే బయటపెట్టింది.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన టార్చిలైటు వేసి రెండువైపులా చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

"అది చెప్పడానికి మా ఆడపడుచు చాలు" అని గొణిగింది పిన్ని.

ఘాటైన వాసనలు రోజూ కాసేపు చూస్తుండమని ఆయన సలహా. ఇంటికొచ్చి చిన్న చిన్న సీసాల్లో నిమ్మతొక్క, కాఫీపొడి, లవంగాలు, సబ్బుముక్క వేసి అలమరలో వరసగా పెట్టుకుంది.

ఇక బట్టీ సంగతి. తన ముక్కు లేనప్పుడు మొగుడి ముక్కే గతి అనుకుంది. మా బాబాయి మంచివాడు. మూటలు మోస్తాడు, పిండి కలుపుతాడు, కట్టెలు కొడతాడు. మాట ఒక్కటే తక్కువ. ఆయన ప్రపంచమంతా 'ఊఁ' అనే ఒక్క అక్షరంలో ఇమిడిపోయింది.

"ఏమండీ, వాసన చూసి చెప్పండి. అయినట్టేనా?"

"ఊఁ."

"పోనీ ఇంకాసేపు ఉంచనా?"

"ఊఁ."

"మాడిపోదు కదా?"

"ఊఁ."

ఇలా లాభం లేదని, దారినపోయేవాళ్ళ ముక్కులు అరువు తెచ్చుకుంది. సెలూనాయన, "ఇంకా పచ్చివాసనేనమ్మా" అన్నాడు. ఇస్త్రీ ఆవిడ, "ఎప్పుడో అయిపోయింది, తీసెయ్" అంది. బాబాయి అక్కయ్య, "అడుగున మాడు" అని తేల్చేసింది. ఈవిడ ఆ పక్క వీధిలోనే ఉంటుంది. పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి పక్కింటి కుళాయి చప్పుడు దాకా దేనిమీదైనా తీర్పు చెప్పగలదు కనక మేమంతా తీర్పులక్కయ్య అంటాం. తలుపు తీస్తే ముగ్గురూ కొంచెం కొంచెం కరెక్టే. రొట్టె పైన నలుపు, లోపల పచ్చి.

తీర్పులక్కయ్య ఒక గోడగడియారం కూడా తెచ్చి తగిలించింది. గడియారం బాగానే నడిచేది గానీ బట్టీ దాని మాట వినేది కాదు. ఎండరోజు ఒక వేడి, ముసురురోజు ఇంకో వేడి.

ముక్కులు అప్పిచ్చినవాళ్ళు సలహాలు ఉచితంగా ఇచ్చారు. ఇస్త్రీ ఆవిడ, "నీ మనసులో ఎక్కడో అనుమానం ఉండుంటుంది, అందుకే దేవుడు వినట్లేదు" అంది. వేరే ఎవరో, "ఎప్పుడో ఏదో తప్పు చేసుంటావు, గుర్తు తెచ్చుకో" అన్నారు. పిన్ని ఒక సాయంత్రమంతా కూర్చుని గుర్తు తెచ్చుకోబోయింది. చాలానే గుర్తొచ్చాయిట గానీ ముక్కుకి సంబంధించినవి ఒక్కటీ లేవట. సెలూనాయన ఉచితంగా తలకి మాలీషు చేస్తానన్నాడు. తీర్పులక్కయ్య తీర్పు వేరు.

"నీ ప్రార్థన మరీ పొట్టిదే మరదలా. ఒక్క ముక్కలో అడిగేస్తే ఎవరిస్తారు? పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా అది?"

నిజమే కాబోలనుకుని పిన్ని ప్రార్థన పెంచింది. మొదట పొగడ్త, తర్వాత క్షమాపణ, తర్వాత చుట్టాలందరి క్షేమం, చివర్న తన ముక్కు. ఒకరోజు ఆ చివరిదాకా వచ్చి కళ్ళు తెరిచేసరికి, అచ్చుల్లో పిండి పొంగి పొంగి, అంచులు దాటి, బల్ల దిగి నేలమీద నడుస్తోంది. పొంగించమని ఇన్నేళ్ళూ అడిగింది కదా, పొంగించాడు. ఎంతవరకో చెప్పకపోవడం పొరపాటు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు తలుపుది. లోపలేం జరుగుతోందో తెలియక పిన్ని మాటిమాటికీ తలుపు తీసి చూసేది. తీస్తే వేడి బయటికి పోయి, పొంగుతున్న రొట్టె నడుం పడిపోయేది. పడిపోయిందే అని ఇంకాసేపు ఉంచేది. ఉంచాను కదా, మాడుతుందేమో అని మళ్ళీ తీసేది. చివరికి బయటికొచ్చే రొట్టెలు అలిగి ముడుచుకు పడుకున్న పిల్లుల్లా ఉండేవి.

సీసాలదీ అదే వరస. ప్రార్థనకి ముందొకసారి వాసన చూసేది, అయ్యాక ఒకసారి చూసేది. దేవుడికిచ్చిన గడువల్లా ఆ మధ్య ఉన్నదే.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వెనకగదిలో కూర్చుని మాడిన ట్రేలు గీకుతోంది. ఏదో ఓదార్పుగా, "వస్తుందిలే పిన్నీ, కొందరికి ఆలస్యంగా వస్తుందట" అన్నాను.

"ముక్కు గురించి కాదురా" అంది గీకడం ఆపకుండానే. "ముక్కు పోతే పోయింది. ఇదివరకు ఒక ముక్క అనుకుని తలుపేస్తే, దేవుడు విన్నాడని నాకు తెలిసిపోయేది. ఎలా తెలిసేదంటే చెప్పలేను. లోపల రొట్టె కాలుతోందని తెలిసినట్టే తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. తలుపు ముందు నిలబడి మాట్లాడుతుంటే గోడతో మాట్లాడినట్టుంది. అసలు ఆయన ఇన్నాళ్ళూ ఉన్నాడా, లేక రొట్టె వాసన చూసి నేనే ఉన్నాడనుకున్నానా? అదిరా నా బాధ."

ఒక ట్రే తీసుకుని నేనూ గీకాను.

మర్నాడు పొద్దున పిన్ని బట్టీ ముందు నిలబడి, పొడుగూ పొట్టీ కాని ప్రార్థన ఒకటి గట్టిగానే చేసింది. "దేవుడా, నా ముక్కు తెచ్చి నా చేతిలో పెట్టేదాకా నేను పిండి ముట్టను. ఉంటే తెస్తావు. లేకపోతే ఎటూ లేదు." అని నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మేకుకి తగిలించి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సమ్మె అంటే యాజమాన్యానికి నష్టం కలగాలి. ఈ సమ్మెలో యాజమాన్యానికి ఏం నష్టం కలిగిందో తెలియదు గానీ వీధికి మాత్రం బాగా కలిగింది. రొట్టె బాబాయి చేతికొచ్చింది. మొదటిరోజు రొట్టెని సెలూనాయన గాలికి తలుపు పడకుండా అడ్డం పెట్టుకున్నాడు. అది కదల్లేదు. మొహమాటం కొద్దీ అందరూ కొంటూనే ఉన్నారు, మొహమాటం కొద్దీ నములుతూనే ఉన్నారు. "ఎలా ఉంది?" అని బాబాయి అడిగే మనిషి కాదు కనక అబద్ధమాడే పాపం మాత్రం ఎవరికీ చుట్టుకోలేదు.

పిన్ని ఇంట్లో కూర్చుని కర్టెన్లు ఉతికింది. అవి ఆరాక మళ్ళీ ఉతికింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేదట. పడుకునే ఉన్నా చేతులు మాత్రం పక్కదుప్పటిని పిసుకుతుండేవట. ప్రార్థన మానేసింది. మానేసినా ఆ వేళకి నోరు ఊరికే ఉండేది కాదట. "దే..." అని నాలుక కరుచుకునేదట. ఇవన్నీ తర్వాత ఎప్పుడో తనే చెప్పి నవ్వింది. అప్పుడు మాత్రం నవ్వలేదు. బుగ్గలు పీక్కుపోయాయి.

కొన్నాళ్ళకి బాబాయి రొట్టె మెత్తబడింది. గొప్పగా ఏమీ లేదు, పళ్ళున్నవాళ్ళు తినొచ్చు. ఒక మధ్యాహ్నం పిన్ని ఆ రొట్టె ఒకటి తెచ్చి కోసింది. లోపల చూసింది, వేలితో నొక్కింది. నొక్కిన చోటు మళ్ళీ పైకి లేచింది. ఆవిడ మొహంలో రంగులు మారాయి. నేరుగా దుకాణంలోకొచ్చి బాబాయి ముందు నిలబడింది. నేను బన్ను కోసం వచ్చి అక్కడే ఉన్నాను.

"ఇది లోపల కాలిందని మీకెలా తెలిసింది?"

"తెలీదు."

బాబాయి నోట వేరే మాట రాగానే మేమిద్దరం ఉలిక్కిపడ్డాం.

"వాసన చూశారా?"

"నాకు మొదట్నుంచీ ముక్కు అంతంత మాత్రమే."

"మరి నేను చూడమన్నప్పుడల్లా ఊఁ అన్నారు కదండీ!"

"నువ్వు అడిగావు కదా."

పిన్ని కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. ఈ సంగతి మరోసారి తేల్చుకోవచ్చని పక్కనపెట్టినట్టు నాకు స్పష్టంగా కనబడింది.

"తెలీకుండా ఎలా తీస్తున్నారు?"

"తీసే వేళయిందనిపిస్తే తీస్తాను."

"మధ్యలో తలుపు తెరిచి చూడరా?"

"తెరిస్తే పడిపోతోందిగా."

"లోపల మాడిపోతుందేమోనని భయం వెయ్యదూ?"

"వేస్తుంది."

"వేస్తే ఏం చేస్తారు?"

"భయపడుతూ కూర్చుంటాను" అన్నాడు బాబాయి. అని, ఏడాదికి సరిపడా మాట్లాడేశానన్నట్టు కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పిన్ని ఆ రొట్టెముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. నేనక్కడ ఉన్న సంగతే మర్చిపోయినట్టుంది. "భయపడుతూ కూర్చుంటాట్ట" అంది పైకే. కోపంగా అందో మెచ్చుకుంటూ అందో నాకు తెలియలేదు. ఆవిడక్కూడా తెలిసి ఉండదు.

మర్నాడు పొద్దున రొట్టె కోసం వెళితే దుకాణం ఇంకా సగమే తెరిచి ఉంది. వెనక పిన్ని గొంతు వినిపించింది.

"లేవండి. అది నా పీట."

తొంగిచూశాను. పిన్ని అప్పటికే చేతులకి పిండితో ఉంది. ట్రేలు లోపలికి తోసి, తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం మీద గుడ్డ వేసి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"దేవుడా, నేను పిసికాను" అంది. తర్వాతి ముక్క రాలేదు. నాకు భయమేసింది. బాబాయి కూడా పెరటి గుమ్మంలో కట్టెలతో అలాగే ఆగిపోయాడు. "నువ్వు వింటున్నావో లేదో ఇవాళ నాకేమీ తెలియట్లేదు. తెలియకుండానే పెడుతున్నాను. తెలిసేదాకా ఆగితే ఈ వీధికి రొట్టె ఉండదు, నాకు నువ్వుండవు. ముక్కు సంగతి నీకు చెప్పాను, మళ్ళీ చెప్పాల్సిన పనిలేదు. పొంగించు." గొళ్ళెం వేసింది.

వేసి, పీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. కాపీ కొట్టనని ఒట్టేసిన పిల్లలు పరీక్షలో అలా కూర్చుంటారు. కాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చింది. దాన్ని తనే చూసుకుని, మళ్ళీ లోపలికి పెట్టేసింది. ఇంకాసేపటికి లేచింది, తలుపుదాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది.

"భయం వేస్తోందండీ" అంది.

"ఊఁ" అన్నాడు బాబాయి, కట్టెలు దించి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంటూ.

ఆ రోజు రొట్టెలు అద్భుతంగా వచ్చాయని రాస్తే నాకూ బాగానే ఉండేది. అద్భుతంగా రాలేదు. రొట్టెల్లా వచ్చాయి. ఒక పక్క కొంచెం ఎక్కువ కాలాయి, నడుం మాత్రం పడిపోలేదు. పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని, లోపల కాలితే వచ్చే గుల్ల చప్పుడు కోసం అడుగున వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ముక్కు దగ్గరికీ తెచ్చుకుంది. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. ఏమీ మారలేదు. రొట్టె కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, "వేడిగా ఉంది, జాగ్రత్త" అంది.

ఆ తర్వాత కథ పెద్దగా ఏమీ లేదు. ముక్కు రాలేదు. గడియారాన్నొకసారి చూస్తుంది, బట్టీ తలుపు దగ్గర చెయ్యి పెట్టి వేడొకసారి చూస్తుంది, మిగతాది వదిలేస్తుంది. కొన్నిరోజులు బంగారంలా వస్తాయి, కొన్నిరోజులు ఇత్తడిలా. ప్రార్థన మళ్ళీ పాత కొలతకే వచ్చింది. కొన్ని పొద్దులు ఆయన విన్నట్టే ఉంటుందట. కొన్ని పొద్దులు అదే గోడట. గోడ అనిపించిన పొద్దున కూడా గొళ్ళెం వేస్తుంది. నేనొకసారి అలమర తీస్తే నిమ్మతొక్క సీసాలో బూజు పట్టి ఉంది. చాలా రోజులుగా ఎవరూ మూత తియ్యలేదన్నమాట. లవంగాలు మాత్రం లేవు. మా బావ మీద నాకు అనుమానం. పిన్ని దగ్గరికి ఇప్పుడు నిర్భయంగా వస్తున్నాడు.

మొన్న తీర్పులక్కయ్య ఒక రొట్టె వెనక్కి పట్టుకొచ్చింది. కౌంటరు మీద బోర్లించి, నల్లబడ్డ అడుగు అందరికీ కనబడేలా పెట్టింది. అప్పుడు దుకాణంలో నేనూ సెలూనాయనా ఉన్నాం. తప్పించుకునే వీల్లేదు.

"చూడవే మరదలా, ఇది రొట్టేనా పెనమా? పొద్దున లేస్తే దేవుడా దేవుడా అంటూ ఆ తలుపు పట్టుకుని వేలాడతావు. ఇంత నమ్ముకున్నందుకు ఆయన నీకు ఒరగబెట్టిందేమిటి? నీ ముక్కు నీకు తిరిగిచ్చాడా?"

పిన్ని మంచి రొట్టె ఒకటి ఏరి, కాగితంలో చుట్టి, ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇవ్వలేదు వదినా, కానీ మా ఇద్దరికీ మాటలైతే ఉన్నాయి."